మంచులో లారీ ఎంత దూరం?

డిసెంబరు తెల్లవారుజామున అన్నోజిగూడ దగ్గర వరంగల్ రోడ్డును పొగమంచు కమ్మిందనుకోండి. డ్రైవర్‌కు కదిలే లారీతో అంత భయం లేదు. లైటు లేకుండా పక్కన ఆగిన లారీతోనే!

మంచు బిందువులు మిల్లీమీటరులో వందో వంతుకు అటూఇటూగా ఉంటాయి. వెలుగు వాటికి తగిలి చెదిరిపోతుంది. 3 మిల్లీమీటర్ల పొడవుండే అలలకు అవి పెద్ద అడ్డు కావు. విశేషమేమిటంటే, ఈ అలల్ని మనం పంపనక్కర్లేదు. మనిషీ, చెట్టూ, తారురోడ్డూ తమ వేడిమి కొద్దీ వాటిని వెలువరిస్తూనే ఉంటాయి. ఇనుప రేకు మాత్రం అద్దంలా పైనున్న ఆకాశాన్ని చూపిస్తుంది. ఈ అలల్లో చూస్తే ఆకాశం చల్లన. కాబట్టి లారీ, వెచ్చని రోడ్డు మీద చల్లని మచ్చ.

కనిపించింది సరే, ఎంత దూరంలో ఉంది? రాడార్ అయితే తాను పంపిన అల తిరిగొచ్చిన సమయాన్ని బట్టి చెబుతుంది. ఏమీ పంపని పరికరానికి రెండు కళ్లు కావాలి. 1802లో మద్రాసులో లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వేదీ ఇదే కిటుకు: ఒక గీత కొలిచి, దాని రెండు కొసల నుంచీ గురిచూసి, కోణాలతో దూరం తేల్చడం. ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థకు కొత్తేమీ కాని లెక్క.

లాంబ్టన్ గీత మైళ్ల పొడవు. కారు వెడల్పెంత? మీటరు ఎడంగా రెండు డిష్‌లు పెడితే, 100 మీటర్ల అవతలి లారీ వాటికి అర డిగ్రీ తేడాతో కనిపిస్తుంది. 30 సెంటీమీటర్ల డిష్ విడదీసి చూడగలిగేదీ దాదాపు అంతే. పైగా సంకేతం మహా బలహీనం, కాసేపు పోగుచేసుకోవాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఈలోగా సెకనుకు 22 మీటర్లు దాటేస్తుంది. అందుకే కార్లలో, అలను పంపి చూసే 77 గిగాహెర్ట్జ్ రాడార్‌నే పెడుతున్నారు.