మంట లేదు, జ్వరం లేదు... మరి యాంటీబయాటిక్ దేనికి?



హెల్త్ చెకప్ ప్యాకేజీలో రక్తంతో పాటు మూత్రం కూడా ఇచ్చి వస్తారు. రెండు రోజులకు ఫోనులో రిపోర్టు దిగుతుంది. చీము కణాలు ఎక్కువ, కల్చర్‌లో ఈ-కోలి అనే క్రిములు, లక్షకు పైనే! లక్ష అన్న మాట చూడగానే గుండె గుభేలుమంటుంది. ఆ రిపోర్టు చూపించి మెడికల్ షాపులో అయిదు రోజుల కోర్సు కొనేస్తారు.

ఆగండి. మూత్రం పోసేటప్పుడు మంటగా ఉందా? మాటిమాటికీ పరుగెత్తాల్సి వస్తోందా? పొత్తికడుపులోనో డొక్కలోనో నొప్పి, చలిజ్వరం, మూత్రంలో రక్తం ఉన్నాయా? ఉంటే ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లండి. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగుతూ వారం గడపొద్దు.

ఇవేవీ లేకపోతే భయం అక్కర్లేదు. ఏ బాధా లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా ఉండటం చాలా మామూలు. వయసు పైబడ్డ ఆడవాళ్లలో, షుగరున్న ఆడవాళ్లలో మరీ ఎక్కువ. వృద్ధాశ్రమాల్లో ఉండే ఆడవాళ్లలో నూటికి 25 నుంచి 50 మందికి ఉంటుంది. నెలల తరబడి యూరిన్ పైపుతో ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ ఉంటుంది. చీము కణాలు కనిపించినా సరే, బాధ లేనప్పుడు అవొక్కటే మందుకు కారణం కావు.

ఇంతకీ ఆ లక్ష ఎక్కడిది? 1950లలో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ అనే వైద్యుడు మిల్లీలీటరుకు లక్ష అని ఒక గీత గీశారు. క్రిములు నిజంగా మూత్రంలోనివేనా, పట్టేటప్పుడు చర్మం మీద నుంచి కలిశాయా అని తేల్చే గీత అది. మందు వెయ్యాలా వద్దా అని చెప్పేది కాదు.

వేసుకుంటే పోయేదేముంది అంటారా? షుగరున్న ఆడవాళ్లకు కెనడాలో మందిచ్చి చూశారు. 2002లో ఫలితం అచ్చయింది: మందు వాడినా వాడకపోయినా తర్వాతి చిక్కుల్లో తేడా లేదు. పైగా అనవసరపు కోర్సుతో విరేచనాలు పట్టుకోవచ్చు. కొన్ని రకాలు షుగరును ఒక్కసారిగా పడగొడతాయి. అన్నిటికన్నా పెద్ద నష్టం, మొండికేసిన క్రిములు మిగిలిపోయి, నిజంగా జబ్బు చేసిన రోజున మందు పనిచేయదు. అట్ట మీద ఎర్రగీత ఉన్న మందును చీటీ లేకుండా అడగొద్దు. షాపు తమ్ముళ్లూ, మీరూ ఇవ్వొద్దు. డాక్టరే రాసినా, "నాకు బాధేమీ లేదు, ఇది దేనికండీ?" అని అడగండి. అడిగితే తప్పేం లేదు.

మూత్రం వాసన వస్తోందనో, మడ్డిగా ఉందనో పెద్దవాళ్లకు మాత్రలు మింగించొద్దు. వాళ్లు ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడితే వెంటనే డాక్టరుకు చూపించాల్సిందే. కానీ నెపమంతా మూత్రం మీదికి నెట్టేస్తే అసలు కారణం తప్పించుకుపోతుంది.

ప్రోస్టేట్ వంటి మూత్రమార్గపు ఆపరేషన్లకు ముందు మాత్రం ఈ పరీక్ష, మందు అవసరం. కిడ్నీ మార్పిడి జరిగినవారు, క్యాన్సర్ మందుల్లో ఉన్నవారు తమ డాక్టరు చెప్పినట్టే చేయాలి.

ఇక గర్భిణుల సంగతి పూర్తిగా వేరు! నెల తప్పాక మూత్రనాళాలు సడలుతాయి, పెరిగే గర్భసంచి వాటిని నొక్కుతుంది, మూత్రం నిలవ ఉండిపోతుంది. బాధ పెట్టకుండా ఉన్న క్రిములే కిడ్నీ దాకా ఎగబాకుతాయి. మందు వాడకుండా వదిలేస్తే నూటికి 20 నుంచి 35 మందికి కిడ్నీ ఇన్ఫెక్షన్ రావచ్చని పాత పరిశీలనలు చెప్పాయి. నెలలు నిండకుండా కాన్పు, బరువు తక్కువ బిడ్డ అన్న ముప్పులూ ఉన్నాయి. వీళ్లకు మంట లేకపోయినా మందు కావాలి. బిడ్డకు హాని చేయనిది డాక్టరు ఎంచి ఇస్తారు, కోర్సు మధ్యలో ఆపకూడదు.

మీ ఇంట్లో కడుపుతో ఉన్న అమ్మాయి ఈసారి చెకప్‌కు వెళ్లేటప్పుడు, పుల్ల ముంచి చూసే పరీక్షతో సరిపెట్టకుండా, మూడు నాలుగు నెలల్లోపే ఒకసారి యూరిన్ కల్చర్ రాయమని అడగమనండి. శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టి, ఆలస్యం చేయకుండా ల్యాబులో ఇవ్వమనండి.