ఆజ్ఞ పోయినంత మాత్రమున నీరు పాఱదు



అర్ధరాత్రమున టార్చిలైటు చేతబట్టి, మోటారు వేయుటకై గట్లవెంట పోవుటలోని కష్టమును మీకు నేను చెప్పనక్కఱలేదు. పాముకాటును, కరెంటు దెబ్బయు ఆ దారినే పొంచియున్నవి. ఆటో స్టార్టరు ఈ కష్టమును తీర్చెను గాని, కరెంటున్నంతసేపు మోటారు ఊరక తిరిగి బావి యెండసాగెను. అందువలననే, తెలంగాణమున 2018 జనవరి 1వ తేదీ నుండి సేద్యమునకు 24 గంటల కరెంటు ఇచ్చుటకు ముందు, వానిని తీసివేయుడని ప్రభుత్వమువారు రైతులను కోరిరి. మనకు వలసినది తనంతట తిరుగు మోటారు కాదు. మన మాట విని తిరుగునదియు, ఆగునదియు.

ఇందుకు ఇ.ఎస్.పి. 8266 వంటి వైఫై గల మైక్రోకంట్రోలరు స్వల్పవ్యయముతో దొరకుచున్నది. అడిగిన పేజీని ఫోనునకు పంపు చిన్న వెబ్ సర్వరును దానియందే నడుపవచ్చును. పేజీలో 'ఆన్' నొక్కినచో, ఆ చిప్పు తన పిన్నులలో నొకదానిపై 3.3 వోల్టుల నుంచును. ఆ స్వల్పశక్తి ట్రాన్సిస్టరు ద్వారా రిలేను, రిలే స్టార్టరులోని కాంటాక్టరును పనిచేయించును. అప్పుడు 415 వోల్టుల మూడు ఫేజులును మోటారునకు పోవును.

ఇది మంచి సాధనమే. అయితే మా ప్రదర్శన క్షేత్రమున దీనిని అమర్చినప్పుడు నాకు భయము కలిగినది. 'ఆన్' అను ఆజ్ఞను పేజీ చిరునామాలోనే చేర్చియుంటిమి. ఒక ఉదయము ఫోను తెఱవగా, పాత పేజీ తనంతట మరల తెఱచుకొని మోటారు తిరిగెను! ఆ క్షణమున పంపు కడ ఎవరును లేకుండుట మా అదృష్టము. మఱియొకమాఱు ఫేజు పోయి మోటారు ఆగియున్నను పేజీ 'ఆన్' అనియే చూపుచుండెను. అది చెప్పినది పిన్ను సంగతి. నీటి సంగతి కాదు.

కావున నా అభిప్రాయ మిది. ఆజ్ఞ చిరునామాలో నుండరాదు. మనము బొత్తాము నొక్కినప్పుడే వేఱుగ పోవలెను. కరెంటు పోయి వచ్చినపుడు కొన్ని పిన్నులు క్షణకాలము తమంతట మేల్కొనును. అట్టివానికి రిలేను తగిలింపరాదు. మరల ఆజ్ఞ వచ్చువఱకు మోటారు ఆగియే యుండవలెను. తీగెలో కరెంటు పాఱుచున్నదో లేదో కొలిచి పేజీకి తెలుపు సెన్సారు ఉండవలెను. సంకేతపదము లేక పేజీ తెఱచుకొనరాదు. స్టార్టరులోని ఓవర్‌లోడు రిలేను ఎన్నడును తప్పింపరాదు.

ఇంత ఖర్చెందుకని కొందఱందురు. సెన్సారు వెల కాలిపోయిన మోటారును మరల చుట్టించు కూలికంటె చాల తక్కువ. ఒక్కొక్కరు వేఱువేఱుగ కొని మోసపోవుటకంటె, సంఘము పక్షమున ఒక నమూనాను పరీక్షించి, ఊరికొక యువకునికి మరమ్మతు నేర్పించుట మేలు.

కడపటి మాట: ఫోనులో 'ఆఫ్' నొక్కితిమి గదా యని స్టార్టరు పెట్టెలో చేయి పెట్టకుడు. మెయిన్ స్విచ్చి దింపి, ఫ్యూజులు తీసి జేబులో వేసికొన్న పిమ్మటనే ముట్టుడు. దూరమునుండి పనిచేయించు సాధనము మనకు నడక తగ్గించును గాని, జాగ్రత్తను తగ్గింపదు.