గంగమ్మ ఆగ్రహానికి గిటారు తోడైతే

హెవీ మెటల్‌కు హిప్ హాప్‌ను జోడించడం ఇప్పటి సంగతి కాదు. హిప్ హాప్ బృందం రన్ డీఎంసీ, రాక్ బృందం ఏరోస్మిత్ 1986లోనే కలిసి పాడారు. 1992లో రేజ్ అగెనెస్ట్ ద మెషీన్ తొలి ఆల్బమ్‌తో ఆ కలయిక రాజకీయ నిరసన అయింది. 2000లో లింకిన్ పార్క్ 'హైబ్రిడ్ థియరీ' దాన్ని ప్రపంచమంతా వినిపించింది. మెటల్, హిప్ హాప్ అంత సులువుగా అతకడానికి కారణం ఉంది. గిటారు మీద నాలుగైదు స్వరాల ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంటే, ర్యాప్ మాటలకు గట్టి నేల దొరుకుతుంది. ఢిల్లీ బృందం బ్లడీవుడ్ 2022 ఫిబ్రవరిలో, పెద్ద కంపెనీ అండ లేకుండా తెచ్చిన 'రక్షక్' ఆ నేల మీద ఢోల్ మోగించింది. జయంత్ భడూలా గర్జన, రౌల్ కెర్ ర్యాప్, కరణ్ కటియార్ గిటారు కలిసిన ఆ ఆల్బమ్‌లో నన్ను కట్టిపడేసింది మాత్రం హోరు కాదు, కోపానికి ఉన్న స్పష్టత. 'దనా దన్' పాట ఆడవాళ్ల మీద అఘాయిత్యాలు చేసేవాళ్లను నిలదీస్తుంది.

ఆ కోపం తిరుపతికి కొత్తదా? ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాణ్ణి వేషాలు మార్చి వెతికి, చివరికి దొర వేషంలో బయటికి రప్పించి తల నరికిన గంగమ్మ కథే కదా మన జాతర! తాతయ్యగుంట గుడి దగ్గర ఏటా వేసవిలో డప్పులు మోగేది ఆ కథకే. హోరూ ఉంది, కోపమూ ఉంది, చిత్తూరు యాసలో పదునూ ఉంది. మన 'రక్షక్' ఇక్కడి నుంచి రావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

భక్తిని రాక్ వేదికలెక్కిస్తారా అని కొందరికి కష్టం కలగవచ్చు. ఆ మాటలో న్యాయం ఉంది. జాతరలో మొక్కుకుని కట్టే వేషాన్ని వేదిక మీద అలంకారంగా వాడకూడదు. తీసుకోవలసింది లయను, కథలోని ఆగ్రహాన్ని. ర్యాప్‌లో మోటు మాటలుంటాయనే అభ్యంతరం మాత్రం ఈ ఊళ్లో నిలవదు. జాతరలో బండవేషం కట్టినవాళ్లు బూతులు తిట్టడం ఇక్కడ ఆచారం, దాన్ని అమ్మవారే సహించింది. సినిమా పాట తప్ప తెలుగువాళ్లు ఇంకేదీ వినరన్నది మూడో మాట. బ్లడీవుడ్ కూడా మొదట్లో పేరున్న సినిమా, పాప్ పాటల్నే మెటల్‌లోకి మార్చి పాడేది. సొంత పాటలు కట్టుకున్నాకే 'రక్షక్' పుట్టింది.

ఒక్క షరతు. గిటారు పట్టిన కాలేజీ పిల్లలు డప్పు కళాకారుణ్ణి ఒక పూట పిలిచి, శబ్దం రికార్డు చేసుకుని, కూలి చేతిలో పెట్టి పంపేస్తే అది దోపిడీయే. పాట కట్టేటప్పుడే అతను పక్కన కూర్చోవాలి. ఆల్బమ్ మీద అతని పేరు, రాబడిలో అతని వాటా ముందే రాసుకోవాలి.