వెంట్రుకవాసి గెలుపు

మదనపల్లెలో బస్సెక్కాను. వెనక సీట్లో ఇద్దరు అభిమానుల రగడ!

"మావోడి బొమ్మ మీవోడి బొమ్మకన్నా ఒక్కరోజు ఎక్కువ ఆడింది. బీట్ చేసేసినాం!"

పుంగనూరులో నేనూ కల్పించుకున్నాను. "ఒక్కరోజుకి 'బీట్' పెద్దమాట తమ్ముడూ! 'ఎడ్జ్‌డ్ ఔట్' అను. గుర్రప్పందెంలో ముక్కంత తేడా అయితే 'నోజ్డ్ ఔట్'. గెలుపు గీత దగ్గర ఆఖరి క్షణంలో దాటేస్తే 'పిప్డ్ ఎట్ ది పోస్ట్'. 2017 ప్రపంచ బాడ్మింటన్ ఫైనల్లో మన సింధుని ఒకుహారా అలాగే దాటింది. ఆఖరి గేము 22-20!"

"2019 ఫైనల్లో మళ్ళీ వాళ్ళిద్దరే గదన్నా?" అన్నాడు ఓడిన అభిమాని.

"ఔను. సింధు 21-7, 21-7. దాన్ని 'థ్రాష్డ్' అంటారు!"

కుప్పంలో దిగుతూ వాడు రెండోవాడితో అన్నాడు: "మావోడి తర్వాతి బొమ్మ రానీరా!"

పాఠక మిత్రులారా, వెంట్రుకవాసిలో ఓడినవాళ్ళతో జాగ్రత్త సుమా!