తుపాకికి టికెట్టు, వలకు కేసు

బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయంలో తుపాకితో ప్రయాణించే మనిషికి ఒక పద్ధతి ఉంది. కౌంటర్లో ముందే చెప్పాలి, లైసెన్సు చూపించాలి, తుపాకి ఖాళీగా ఉందని తనిఖీ చేయించుకోవాలి, తాళం వేసిన పెట్టెలో చెకిన్ లగేజీకి ఇవ్వాలి. తూటాలు విడిగా, విమాన సంస్థ ఒప్పుకుంటే మనిషికి 5 కిలోల దాకా. విల్లుకు లైసెన్సు గొడవ లేదు గానీ అదీ లగేజీలోనే పోవాలి. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విల్లయినా సరే, సీటు పక్కన పెట్టుకోనివ్వరు. ఈ నిబంధనల మీద మాకు పేచీ లేదు. వందల మంది కూర్చునే చోట ఆ మాత్రం జాగ్రత్త ఉండాల్సిందే.

ఆయుధాన్ని ఇంత మర్యాదగా సాగనంపే రాజ్యం, వేటే బతుకైన మనుషుల్ని ఏం చేసిందన్నదే మా పేచీ.

కర్ణాటకలో హక్కిపిక్కి అనే ఆదివాసులున్నారు. కన్నడంలో హక్కి అంటే పిట్ట. వలలు పన్ని పిట్టల్ని పట్టడం వాళ్ల తాతల నాటి వృత్తి. వాళ్లను పోలిన జనాన్నే మన వైపు నక్కలవాళ్లు, పిట్టలోళ్లు అంటాం. (పిట్టలదొర భుజాన చెక్క తుపాకి చూసి మనం ఎన్నిసార్లు నవ్వుకోలేదు!) 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఒక్క సంతకంతో వాళ్ల విద్య నేరమైపోయింది. బన్నేరుఘట్ట దగ్గర, హుణసూరు దగ్గరి పక్షిరాజపురలో వాళ్ల కాలనీలున్నాయి. వల వదిలినవాళ్లు పూసలు, మూలికలు, తలనూనె సీసాలు పట్టుకున్నారు. వాటిని అమ్ముకోవడానికి ఆఫ్రికా దేశాల దాకా విమానాల్లో వెళ్తున్నారు. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలైనప్పుడు అక్కడ చిక్కుకుపోయిన కన్నడిగుల్లో హక్కిపిక్కి వాళ్లు పదుల సంఖ్యలో ఉన్నారన్న వార్త చూసి దేశం ఆశ్చర్యపోయింది. వీళ్లక్కడికెందుకు వెళ్లారని అడిగినవాళ్లే అంతా. ఇక్కడ వాళ్లకు ఏం మిగిల్చామని ఎందరు అడిగారు?

ఇప్పుడు అదే రాష్ట్రంలోని కొడగు వైపు చూద్దాం. అక్కడి కొడవలకు, జమ్మా భూములున్నవాళ్లకు ఆయుధ లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. అది 1861లో మొదలైంది. ఇచ్చినవాడు మార్క్ కబ్బన్. మనం ఆదివారం సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లే కబ్బన్ పార్కుకు ఆయన పేరే. 1857 తిరుగుబాటు తర్వాత జనం చేతుల్లోంచి ఆయుధాలు లాక్కుంటున్న కాలంలో, విధేయతకు బహుమానంగా ఆ మినహాయింపు వచ్చింది. సరిగ్గా పదేళ్లకు, 1871లో, అదే తెల్లదొరల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చి సంచార జాతులెన్నింటినో పుట్టుకతోనే దొంగలని రాసేసింది. దొరలు పోయారు. 2019లో మన కేంద్ర ప్రభుత్వం కొడగు మినహాయింపును 2029 దాకా పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు అది సబబేనంది. కొడవల తుపాకులు లాక్కోమని మేము అనడం లేదు. ఒకరి ఆయుధాన్ని సంప్రదాయమని గౌరవించిన చేయే ఇంకొకరి వలను సాక్ష్యంగా జప్తు చేయడం ఏమి న్యాయమని అడుగుతున్నాం.

2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసులకు జరిగిన చారిత్రక అన్యాయాన్ని సరిదిద్దడానికే వచ్చింది. అందులో కూడా సంప్రదాయ హక్కులన్నీ ఇస్తూ, వేటాడే, ఉచ్చు పన్నే సంప్రదాయ హక్కు తప్ప అని రాశారు. అది హక్కేనని చట్టమే ఒప్పుకుని, ఆ వాక్యంలోనే తీసేసింది. తీసుకున్నదానికి వెల ఎక్కడ?

అయితే పులులు, నెమళ్లు అంతరించిపోవాలా అని మమ్మల్ని అడుగుతారు. అక్కర్లేదు. నిషేధం ఉండనివ్వండి. కానీ అడవిని ఖాళీ చేసిందెవరు? మైసూరులో వాన్ ఇంగెన్ అనే కంపెనీ దశాబ్దాల పాటు రాజులూ దొరలూ కాల్చిన పులుల్ని, చిరుతల్ని వేల సంఖ్యలో గోడలకు తగిలించే బొమ్మలుగా చేసి ఇచ్చింది. ఆ గోడల మీద పిట్టలు పట్టేవాడి పేరు ఒక్కటీ లేదు. వేడుకకు వేటాడినవాళ్లు వేడుక మానుకున్నారు, అంతే. కడుపు కోసం వేటాడినవాళ్లు కూడు మానుకున్నారు. ముసలి ఇస్సాకు కొడుకును విల్లు పట్టుకుని అడవికి వెళ్లి వేట మాంసం తెమ్మన్నాడని ఆదికాండంలో చదివే మనకు, వేటగాడంటే దొంగ అన్న మాట నోటికెలా వస్తుంది?

2029లో కొడగు మినహాయింపు ఫైలు మళ్లీ ఢిల్లీలో బల్ల మీదికొస్తుంది. దాని పక్కనే హక్కిపిక్కి కాలనీల ఫైలు కూడా ఉండాలి. ఉన్న చోట ఇంటికీ సాగుకూ పట్టాలివ్వాలి. వాళ్ల నూనెకూ మందులకూ పరీక్ష చేయించి, సహకార సంఘం ద్వారా అమ్ముకునే ఏర్పాటు చేయాలి. విదేశాలకు వెళ్లేవాళ్ల వివరాలు ప్రభుత్వం దగ్గర ఉండాలి, యుద్ధం వచ్చాక వెతుక్కోవడం కాదు. బెంగళూరు తెలుగు సంఘాల్లో వకీళ్లున్నారు, గుమాస్తాలున్నారు, దరఖాస్తు నింపడం తెలిసిన యువకులు ఎందరో ఉన్నారు. బన్నేరుఘట్ట మనకు సిటీ బస్సు దూరంలోనే ఉంది.