మెగ్ వైట్‌కి డ్రమ్స్ రావట!

2023 మార్చిలో ఒక అమెరికన్ జర్నలిస్టు ట్విట్టర్‌లో ఓ రాయి విసిరాడు. వైట్ స్ట్రైప్స్ ఎంత గొప్ప బ్యాండ్ అయ్యుండేదో, పాపం ఓ మోస్తరు డ్రమ్మర్ కూడా దొరకలేదని దాని సారాంశం. నలువైపుల నుంచీ చీవాట్లు పడ్డాయి. రూట్స్ బ్యాండ్ డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ లాంటివాళ్లు మెగ్ వైట్ తరఫున నిలబడ్డారు. ఆయన ట్వీట్ తీసేసి క్షమాపణ చెప్పుకున్నాడు. మంచిదే. కానీ అది ఆయనొక్కడి అభిప్రాయమే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. రాక్ వినే చాలామంది మనసులో మాట అదే: చేతులు కనపడనంత వేగంగా వాయిస్తేనే డ్రమ్మర్, లేకపోతే అదృష్టం కలిసొచ్చినవాడు. (ఆడమనిషైతే అదృష్టం కూడా కాదు, ఎవరో దయతలచి కూర్చోబెట్టారంటారు.)

ఈ కొలతే తప్పంటాను.

‘సెవెన్ నేషన్ ఆర్మీ’ని ఒకసారి డ్రమ్స్ కోసమే వినండి. 2003 నాటి పాట. బ్యాండ్‌లో ఇద్దరే, బేస్ వాయించే మనిషే లేడు. మొదట్లో ఎవరో నడుచుకుంటూ వస్తున్నట్టు ఒకే దెబ్బ, మళ్లీ అదే దెబ్బ. సింబల్స్ మోగించడానికి ప్రతి వరసలోనూ చోటుంది. ఆమె మోగించదు. గిటార్ భళ్లున పేలేదాకా దాచి ఉంచి, అప్పుడు కొడుతుంది. అంతసేపు ఆపుకుంది కాబట్టే ఆ పేలుడు మన ఛాతీకి తగులుతుంది. ఇవాళ ఫుట్‌బాల్ స్టేడియాల్లో వేలమంది ఆ రిఫ్‌ని గొంతెత్తి పాడుతున్నారంటే, దాని కింద ఎవరైనా అడుగు కలపగలిగేంత ఖాళీ వదిలిన మనిషికి అందులో వాటా లేదా?

‘అదేముంది, అది నేనూ వాయిస్తా’ అంటారు కదా. వాయించండి. ఏసీ/డీసీ ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ (1980) పెట్టుకోండి. ఫిల్ రడ్ వాయించేది కాగితం మీద దాదాపు ఒక్క లైన్లో పట్టేస్తుంది: ఒకటికీ మూడుకీ కాలితో కిక్, రెండుకీ నాలుగుకీ స్నేర్, పైన హై-హ్యాట్. నేర్చుకోవడానికి అరగంట చాలు. ఇప్పుడు దాన్నే నాలుగు నిమిషాల పైచిలుకు, ప్రతి స్నేర్ దెబ్బా అదే బరువుతో, తొందరపడకుండా, చేతులు దురద పెట్టినా మధ్యలో ఏమీ ఇరికించకుండా వాయించాలి. రెండో నిమిషానికి మనలో చాలామందికి విసుగు పుడుతుంది. ఆ విసుగు బయటికి వినపడిపోతుంది కూడా. స్నేర్ సరిగ్గా బీటు మీద పడటం వేరు, వెంట్రుకవాసి వెనక పడటం వేరు. గ్రూవ్ అనేది ఆ వెంట్రుకవాసిలో ఉంటుంది. నొటేషన్‌లో అది రాదు, స్పీడు లెక్కల్లో అసలే రాదు. లెక్కకి రాలేదు కాబట్టి లేదనుకోవడం మన జబ్బు. మన కాలేజీ బ్యాండ్ పోటీల్లో చూడండి, చప్పట్లన్నీ సోలోకే. పాటంతా మోసిన కుర్రాడి పేరు ఎవరూ అడగరు.

రింగో స్టార్ మీద జాన్ లెనన్ వేశాడని చెప్పుకునే జోకు ఒకటుంది: బీటిల్స్‌లో కూడా ఆయన బెస్ట్ డ్రమ్మర్ కాదని. లెనన్ ఆ మాట అన్న దాఖలా లేదు. అది 1980ల బ్రిటిష్ కామెడీ సరుకు. అయినా ఇన్నేళ్లుగా జనం నమ్ముతూనే ఉన్నారు, ఎందుకంటే నమ్మాలని ఉంది. రింగోకి సోలోలంటే గిట్టదు. బీటిల్స్ రికార్డులన్నిటిలో ఆయన సోలో ఒక్కటే, 1969లో వచ్చిన ‘ది ఎండ్’లో. ఎడమచేతి వాటం మనిషి కుడిచేతి కిట్ మీద వాయించడం వల్ల ఆయన ఫిల్స్‌లో ఒక వింత నడక వచ్చింది. ‘కమ్ టుగెదర్’ మొదట్లో ఆ టామ్స్ దొర్లగానే పాట ఏదో తెలిసిపోతుంది. అలా గుర్తుపట్టగలిగే వేగవంతుల ఫిల్స్ ఎన్ని చెప్పగలరు?

ఇక చార్లీ వాట్స్. జాజ్ పిచ్చోడు, చిన్న కిట్, 1963 నుంచి 2021లో పోయేదాకా రోలింగ్ స్టోన్స్‌తోనే. స్నేర్ కొట్టే క్షణంలో హై-హ్యాట్ మీది చెయ్యి పైకి లేపేసేవాడు, స్నేర్‌కి దారి ఇస్తున్నట్టు. అంతకన్నా నాకు నచ్చేది ఇంకొకటి: ‘యూ కాంట్ ఆల్వేస్ గెట్ వాట్ యూ వాంట్’ రికార్డింగ్‌లో డ్రమ్స్ వాయించింది ఆయన కాదు, ప్రొడ్యూసర్ జిమ్మీ మిల్లర్. ఆ పాటకి కావలసిన నడక మిల్లర్ చేతిలో ఉందని స్టూలు ఖాళీ చేశాడు. ఇవాళ్టి రీల్స్ వీరుల్లో ఎవరు దిగుతారండీ అలా?

‘మరి జాన్ బోనమ్ మాటేంటి?’ అని తప్పకుండా అడుగుతారు. టెక్నిక్ అనగానే ముందుకు తోసేది ఆయన్నే. లెడ్ జెప్పెలిన్ స్టేజి మీద ‘మోబీ డిక్’ సోలో ఎంతసేపు సాగేదో నాకూ తెలుసు. ఆయన్ని తక్కువ చేయడం నా వల్ల కాదు. కానీ 1971లో వచ్చిన ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ వినండి. హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో మెట్ల కింద కిట్ పెట్టి, మైకులు పైఅంతస్తు నుంచి వేలాడదీసి రికార్డు చేశారు. నిదానంగా, బరువుగా, తిప్పి తిప్పి అదే బీటు. అంత చేయగలిగిన మనిషి అక్కడ అంతకుమించి చేయలేదు. 1986లో బీస్టీ బాయ్స్ తమ మొదటి ఆల్బమ్‌లో మొదటి పాటకి బోనమ్ దగ్గర అప్పు తెచ్చుకున్నది ఆ బీటునే, సోలోని కాదు.