మాస్కు: జరిమానా నేర్పని పాఠం

2021 ఏప్రిల్‌లో, కొవిడ్ రెండో దశ ముమ్మరంగా ఉన్న రోజుల్లో, మహారాష్ట్రలోని జల్‌గావ్ దగ్గర ఒక పరుపుల తయారీ కేంద్రంపై పోలీసులు దాడి చేశారు. అక్కడ పరుపుల్లో దూదికి బదులు వాడి పారేసిన మాస్కులు కూరుతున్నారు. ముఖం మీంచి తీసిన మాస్కు ఎక్కడెక్కడికి చేరగలదో ఆ ఒక్క ఉదంతం చాలు చెప్పడానికి.

అదే నెలలో తెలంగాణలో మాస్కు లేకుండా బయటికొస్తే వెయ్యి రూపాయల జరిమానా. దానివల్ల మాస్కు ప్రతి జేబులోకీ చేరిన మాట నిజమే. కానీ అది ఆరోగ్య సాధనంగా కాక, చూపించాల్సిన చీటీలా చేరింది. పోలీసు కనబడితే ముక్కు మీదికి, దాటగానే గడ్డం కిందికి. జరిమానా పోయింది గానీ, గడ్డం కింది మాస్కు ఆస్పత్రి ఓపీ వరుసల్లో ఇంకా కనిపిస్తూనే ఉంది. పెట్టుకోమన్న ప్రభుత్వాలు ఎలా పెట్టుకోవాలో, ఎలా తీయాలో ఓపిగ్గా నేర్పలేదు. అసలు లోపం అక్కడుంది.

సర్జికల్ మాస్కుకు మూడు పొరలు. బయటి రంగు పొర తడిని లోపలికి రానివ్వదు. లోపలి తెల్ల పొర మెత్తగా ఉండి నోటి చెమ్మను పీలుస్తుంది. అసలు పని నడిమి పొరది. పాలీప్రొపిలీన్‌ను కరిగించి, చాలా సన్నని పోగులుగా ఊది, వాటికి స్థిర విద్యుత్తు ఎక్కిస్తారు. సూక్ష్మ కణాలను ఆ విద్యుత్తు లాగి పట్టుకుంటుంది. సబ్బుతో ఉతికినా, శానిటైజర్ చల్లినా ఆ శక్తి పోతుంది. చూడ్డానికి మాస్కు శుభ్రంగానే ఉంటుంది, పనితనమే మిగలదు. కొద్ది రూపాయల వస్తువును ఉతికి దాచుకోవడం పొదుపు కాదు. జబ్బు చేస్తే రంగు వైపు బయటికి, లేకపోతే తెల్ల వైపు బయటికి అంటూ అప్పట్లో వాట్సాప్‌లో తిరిగిన మాట ఒట్టి అబద్ధం. ఎప్పుడైనా రంగు వైపే బయటికి, తీగ ఉన్న అంచు ముక్కు మీదికి రావాలి.

పొరలెంత మంచివైనా బుగ్గల పక్కన సందుంటే గాలి ఆ దారే పడుతుంది. చెవి తాళ్లను మాస్కు అంచు దగ్గరే ముడివేసి, మిగిలిన గుడ్డను లోపలికి మడిస్తే ఆ సందు మూసుకుంటుంది. అమెరికా సీడీసీ 2021లో ఈ చిట్కాను బొమ్మలపై పరీక్షించింది. మామూలుగా పెట్టిన మాస్కు దగ్గు తుంపర్లలో సగానికి కాస్త ఎక్కువ ఆపితే, ముడివేసినది నాలుగింట మూడు వంతులకు పైగా ఆపింది. పైసా ఖర్చు లేదు. ఈ ముడి ప్రతి ఇంటికీ తెలియాల్సింది.

కొవిడ్ పోయిందిగా, ఇంకా ఎందుకీ గొడవ అనుకునేవారు క్షయను గుర్తుంచుకోవాలి. దక్షిణాఫ్రికాలో మందులకు లొంగని క్షయ రోగులున్న వార్డు గాలిని గినీ పందుల గదుల్లోకి పంపారు. రోగులకు మాస్కు లేని రోజుల గాలి పీల్చిన 90 జంతువుల్లో 69కి జబ్బు సోకింది. మాస్కు పెట్టుకున్న రోజుల గాలి పీల్చిన 90లో 36కే సోకింది. అంటే సర్జికల్ మాస్కు ముందుగా ఉండాల్సింది దగ్గే మనిషికి. పక్కన కూర్చుని సేవ చేసేవారికి అది చాలదు, ఎన్‌95 కావాలి. మన ఇళ్లల్లో జరిగేది తరచూ దీనికి తలకిందులు: రోగి ముఖం ఖాళీగా ఉంటుంది, చుట్టుపక్కల వాళ్లంతా మాస్కులు తొడుక్కుంటారు.

తీయడానికీ ఒక పద్ధతుంది. ముందు భాగం ముట్టకుండా తాళ్లు పట్టుకుని తీసి, చేతులు కడుక్కోవాలి. తడిసినా, చిరిగినా మళ్లీ పెట్టుకోకూడదు. ఇళ్లలో వాడిన మాస్కును కత్తిరించి, కనీసం 72 గంటలు కాగితపు సంచిలో ఉంచి, ఆ తర్వాతే పొడి చెత్తలో వేయాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే చెప్పింది. కత్తిరించమన్నది ఎవరూ ఏరి మళ్లీ వాడకుండా. సంచిలో ఉంచమన్నది చెత్త ఏరే పారిశుద్ధ్య కార్మికుల చేతుల కోసం.

ఓపీ చీటీ రాసే బల్ల దగ్గర దగ్గుతో వచ్చినవారికి ఒక మాస్కు ఇచ్చి, ముడి ఎలా వేయాలో చూపించడానికి అర నిమిషం చాలు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఆ అర నిమిషం కేటాయించాలి.